అశ్లీల దృశ్యాలు అత్యాచారాలకు కారణమా?

నెల్లూరు తీరంలో, చిట్టమూరుకు దక్షిణాన, దొరవారిసత్రం సమీపంలో నేలపట్టు అనే గ్రామం ఉన్నది. ఏటా ఈశాన్య ఋతుపవనాల రోజులలో గూడబాతులు, కొంగలు పెద్ద సంఖ్యలో వచ్చి అక్కడి చెరువు నీటిలో నిలిచిన చెట్లమీద గూళ్లు కట్టుకుంటవి. పక్షులు విరివిగా వచ్చిన ఏడు చెరువు నిండి ఉంటుంది. చెరువు ఎండిన ఏడు పక్షుల సందడి ఉండదు. ఏటేటా దీనిని గమనించిన ఒక బాలుడు పక్షులే వానను తీసుకొని వస్తున్నవని అనుకుంటే అతనిని పరిహసించవలసిన పని లేదు. అతడు చూచినది నిజమే; దానికి చెప్పుకున్న కారణమే తప్పు. వానలకు చెరువు నిండి, చేపలు, నత్తలు సమృద్ధిగా దొరుకుతవి గనుక పక్షులు వస్తున్నవి.

రెండు విషయాలు జంటగా కనపడినప్పుడు మూడు అవకాశాలు ఉంటవి. మొదటిది రెండవదానికి కారణం కావచ్చు. రెండవదే మొదటిదానికి కారణం కావచ్చు. లేదా, పైకి కనపడని మూడవది ఏదో ఈ రెంటికీ కారణం కావచ్చు. జంటగా కనపడటాన్ని శాస్త్రంలో సహసంబంధం అంటారు. ఒకటి మరొకదానిని కలిగించటాన్ని కార్యకారణ సంబంధం అంటారు. పక్షుల విషయంలో ఈ రెంటినీ కలగాపులగం చేస్తే వచ్చే నష్టం స్వల్పం. మనుష్యుల నేరాల విషయంలో అట్లా చేస్తే నేరస్థుని బాధ్యత వేరొకదానిపై పడవచ్చు. లేదా, నిజమైన ప్రమాదం ఒకటి లెక్కకు రాకుండా పోవచ్చు.

అటువంటి చిక్కు ప్రశ్న ఒకటి చాలాకాలంగా సమాజంలో చర్చకు వస్తున్నది. అశ్లీల దృశ్యాలను చూడటంవల్ల స్త్రీలపైన, పిల్లలపైన లైంగిక దౌర్జన్యాలు పెరుగుతున్నవా?

చర్చ ఎట్లా సాగింది?

ఈ చర్చ సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. హైదరాబాదులో 1974లో ఏర్పడిన ప్రగతిశీల మహిళా సంఘం విద్యార్థినులు అశ్లీలమైన గోడపత్రికలకు వ్యతిరేకంగా ఆందోళన జరిపారు. తరువాత వీడియో క్యాసెట్లు వచ్చినవి. 2016 తరువాత సెల్‌ఫోను డేటా ధరలు బాగా పడిపోవటంతో, ఒకప్పుడు పట్టణాలలో చాటుమాటుగా దొరికే దృశ్యాలు తీరగ్రామాలలో సైతం బాలుని చేతికి అందేటంత దగ్గరకు వచ్చినవి.

2018 సెప్టెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు అశ్లీల వెబ్‌సైట్లను అడ్డుకోవాలని ఆదేశించింది. దేహ్రాదూన్‌లోని ఒక పాఠశాలలో బాలికపై జరిగిన అత్యాచారం, నిందితులు అంతకుముందు అటువంటి దృశ్యాలను చూచినారన్న సమాచారం ఆ ఆదేశానికి నేపథ్యం. ఆ తరువాత కేంద్రప్రభుత్వం 827 వెబ్‌సైట్లను మూసివేయవలసిందిగా ఇంటర్నెట్ సంస్థలకు తెలిపింది.

2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు శివారులో, శంషాబాదు సమీపాన, ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురి అయినది. దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. ఇంచుమించు అదే రోజులలో రాజ్యసభలో అశ్లీల దృశ్యాల వ్యాప్తి చర్చకు వచ్చింది. అప్పటి రాజ్యసభ అధ్యక్షులు, నెల్లూరు జిల్లా చవటపాలెంలో జన్మించిన ముప్పవరపు వెంకయ్యనాయుడు, జయరాం రమేష్ నాయకత్వాన 14 మంది సభ్యులతో ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఆ సంఘం 2020 జనవరిలో 40 సిఫారసులతో నివేదిక సమర్పించింది. పిల్లలు ఇటువంటి దృశ్యాలను చూడకుండా కాపాడటం, పిల్లలనే వాడుకొని తయారుచేసే దృశ్యాలను అరికట్టటం ఆ సిఫారసుల ముఖ్యోద్దేశం.

ఈ వాదంలో రెండు పక్షాలున్నవి. చూచినదానిని మనిషి నేర్చుకుంటాడు. స్త్రీని వస్తువుగా, హింసను వినోదంగా చూపితే మనస్సు మొద్దుబారి చేతలలోకి దిగుతుంది అని ఒక పక్షం వాదిస్తుంది. కోట్లమంది చూస్తున్నారు, నేరం చేసేవారు కొద్దిమందే. నేరానికి మూలాలు వేరేచోట ఉన్నవి అని రెండవ పక్షం బదులు చెబుతుంది. రెండు వాదాలూ వినటానికి సబబుగానే ఉన్నవి. అందుచేత వాటిని సాక్ష్యంతో తూచవలసి ఉన్నది.

ఫోనులో దొరికినంత మాత్రాన

నిందితుని ఫోనులో అశ్లీల దృశ్యాలు దొరికినవని పత్రికలలో తరచు కనపడుతుంది. దీనినిబట్టి ఏమి తేల్చవచ్చు? ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఇందులోని అంకెలు కేవలం ఊహించినవి. ఏదో ఒక ప్రాంతంలో పదిమంది నిందితులలో ఎనిమిదిమంది అటువంటి దృశ్యాలు చూచేవారని తెలిసినదనుకోండి. అంటే నూటికి 80 వంతులు. ఇది చాల పెద్ద అంకెగా తోస్తుంది. కాని అదే వయస్సు గల, ఏ నేరమూ చేయని నూరుమందిని విచారించగా వారిలోనూ 80 మంది చూచేవారే అయితే, ఆ సమాచారం నేరానికి కారణాన్ని గురించి ఏమీ చెప్పదు. నేరం చేయనివారిలో 30 మంది మాత్రమే చూచేవారయితే అప్పుడు ఆలోచించవలసిన విషయమవుతుంది. పోల్చటానికి రెండవ వర్గం లేనిదే మొదటి అంకెకు అర్థం లేదు.

నేరస్థులే స్వయంగా చెప్పే మాటలకూ ఇదే జాగ్రత్త అవసరం. అమెరికాలో అనేకమంది స్త్రీలను హత్యచేసిన టెడ్ బండీ, 1989 జనవరిలో మరణశిక్షకు ముందురోజు ఇచ్చిన ఇంటర్వ్యూలో, హింసాయుతమైన అశ్లీల సాహిత్యం తనపై గట్టి ప్రభావం చూపినదని చెప్పాడు. అటువంటి మాట నిజం కావచ్చు. నెపం కూడ కావచ్చు. శిక్ష ఎదుట నిలిచినవాని మాటను కొలబద్దగా తీసుకోరాదు.

ప్రయోగశాలలో తేలినది

కారణాన్ని నిర్ణయించటానికి ఉత్తమమైన సాధనం ప్రయోగం. రెండు మళ్లలో ఒకేరకం విత్తనం చల్లి, ఒక మడికే ఎరువు వేసి చూచినట్లు, మనుష్యులను చీట్లు తీసి రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికే దృశ్యాలను చూపి, ఫలితాన్ని చూడాలి. కాని నిజమైన నేరం జరుగుతుందేమోనని కాచుకొని ఉండే ప్రయోగం ఎవరూ చేయకూడదు. అందుచేత పరిశోధకులు నేరానికి బదులుగా వేరొకదానిని కొలిచారు.

1980లో ఎడ్వర్డ్ డానర్‌స్టీన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రయోగం పేరుపొందింది. కళాశాల యువకులలో కొందరికి మామూలు చిత్రం, కొందరికి శృంగార చిత్రం, కొందరికి శృంగారంతోపాటు స్త్రీపై హింస ఉన్న చిత్రం చూపారు. తరువాత ఎదుటి వ్యక్తికి ఎంత బలమైన విద్యుదాఘాతం ఇవ్వాలో నిర్ణయించుకొమ్మన్నారు. నిజంగా ఎవరికీ ఆఘాతం తగలదు. యువకులకు ఆ సంగతి తెలియదు. హింసతో కూడిన చిత్రం చూచినవారు, ఎదుట ఉన్నది స్త్రీ అయినప్పుడు, అందరికంటె తీవ్రమైన మీటను ఎన్నుకున్నారు. ఆ మరుసటి ఏడు డానర్‌స్టీన్, బెర్కోవిట్జ్ కలిసి చేసిన ప్రయోగంలో మరొక ముఖ్య విషయం బయటపడింది. హింసకు గురి అయిన స్త్రీ చివరకు దానికి సంతోషించినట్లు కథ ముగిస్తే, అంతకుముందు కోపం తెప్పింపబడని యువకులలో కూడ దౌర్జన్యస్వభావం పెరిగినది.

ఈ ఫలితం గమనింపదగినది. స్త్రీ వద్దన్నదానికి అర్థం లేదు, చివరకు ఒప్పుకుంటుంది అనే అబద్ధమే ఇక్కడ విషం. ఈ అబద్ధం అశ్లీల చిత్రాలకే పరిమితం కాదు. నాయిక వెంటపడి, వేధించి, చివరకు ఆమె ప్రేమను గెలుచుకునే నాయకుని కథ సెన్సారు ఆమోదం పొందిన మామూలు సినిమాలలోనూ కనపడుతుంది.

1995లో మైక్ అలెన్, అతని సహచరులు ఇటువంటి ప్రయోగాలను అనేకం ఒకచోట చేర్చి లెక్కకట్టారు. కేవలం నగ్నచిత్రాలు దౌర్జన్యాన్ని కొంత తగ్గించినవి; లైంగిక చర్యలను చూపే చిత్రాలు కొంత పెంచినవి; హింసతో కూడినవి మరింత పెంచినవి. ఐతే, ప్రయోగశాలలో మీట నొక్కటం వేరు, సమాజంలో నేరం చేయటం వేరు. ఈ ఫలితాలు కొద్ది నిమిషాల ప్రభావాన్ని చూపుతవేగాని, సంవత్సరాల తరువాత ఆ మనిషి ఏమి చేస్తాడో చెప్పలేవు.

దేశాల లెక్కలు

రెండవ మార్గం దేశాల నేరాల లెక్కలను చూడటం. డెన్మార్కు దేశం 1967లో అశ్లీల సాహిత్యంపైన, 1969లో అశ్లీల చిత్రాలపైన నిషేధాన్ని తొలగించింది. ఆ తరువాత ఏమి జరిగినదో కోపెన్‌హేగన్‌కు చెందిన నేరశాస్త్రజ్ఞుడు బెర్ల్ కుచిన్స్కీ పరిశీలించాడు. అత్యాచారాలు పెరుగుతవని భయపడినట్లు జరగలేదు. పిల్లలపై జరిగే లైంగిక నేరాల ఫిర్యాదులు తగ్గినవి. 1991లో అతడు డెన్మార్కు, స్వీడను, పశ్చిమజర్మనీ, అమెరికా దేశాల ఇరవై ఏండ్ల లెక్కలను పోల్చి, అశ్లీల చిత్రాల వ్యాప్తితోపాటు అత్యాచారాలు ఇతర హింసానేరాలకంటె ఎక్కువగా పెరగలేదని చూపాడు.

దీనినిబట్టి ఆ చిత్రాలు నేరాన్ని తగ్గించినవని అనవచ్చునా? అది కూడ నేలపట్టు బాలుని పొరపాటే. అవే సంవత్సరాలలో చదువు, చట్టాలు, స్త్రీల ఉద్యోగాలు, పోలీసు పద్ధతులు, అన్నీ మారినవి. దేశం మొత్తం లెక్క ఒక్కొక్క మనిషిని గురించి చెప్పదు.

మన దేశపు లెక్కలలో మరొక చిక్కు ఉన్నది. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2012లో 24,923 అత్యాచార కేసులు నమోదైనవి. 2013లో అవి 33,707 అయినవి. ఒక్క ఏడాదిలో మనుష్యుల స్వభావం ఇంతగా మారుతుందా? 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత ఫిర్యాదు చేయటానికి ముందుకు వచ్చినవారు పెరిగారు. 2013లో చట్టంలో అత్యాచారానికి ఇచ్చిన నిర్వచనం విస్తృతమైంది. అంటే పెరిగినదానిలో చాలభాగం నమోదు. 2021లో ఆ అంకె 31,677, 2022లో 31,516. చౌక డేటా వచ్చిన తరువాత కూడ నేరాలు పెరగలేదని దీనినిబట్టి వాదించటం సులభం. కాని పిల్లలపై జరిగే నేరాలలో చాలభాగం ఇప్పుడు 2012 నాటి పోక్సో చట్టం శీర్షిక క్రింద వేరుగా లెక్కింపబడుతున్నవి. కొలబద్ద మారినప్పుడు కొలతలను నేరుగా పోల్చరాదు.

సంఘాలు, సర్వేలు, భేదాభిప్రాయాలు

అమెరికాలో ప్రభుత్వం నియమించిన సంఘం 1970లో, అశ్లీల చిత్రాలు నేరాలకు కారణమనటానికి ఆధారాలు లేవని నివేదించింది. సెనేటు, అధ్యక్షుడు నిక్సన్ ఆ నివేదికను తిరస్కరించారు. 1986లో వేరొక సంఘం, హింసతో కూడిన చిత్రాలకు లైంగిక దౌర్జన్యానికి కార్యకారణ సంబంధం ఉన్నదని తేల్చింది. ఆ పరిశోధకులలో కొందరు, తమ ఫలితాలనుండి సంఘం తీయరానంత అర్థం తీసినదని అభ్యంతరం చెప్పారు. అధికారంలో ఉన్నవారు కోరిన సమాధానానికి తగినట్లు సాక్ష్యాన్ని చదవటం ఏ దేశంలోనైనా జరిగేదే.

సర్వేల ఫలితాలలోనూ ఏకాభిప్రాయం లేదు. 2016లో పాల్ రైట్, అతని సహచరులు ఏడు దేశాలలో జరిగిన 22 పరిశోధనలను సమీక్షించి, అశ్లీల దృశ్యాలను చూడటానికి, లైంగిక దౌర్జన్యానికి సహసంబంధం ఉన్నదని చెప్పారు. ఆ సంబంధం శారీరక దౌర్జన్యంతోకంటె మాటలతో చేసే ఒత్తిడితో బలంగా ఉన్నది. క్రిస్టఫర్ ఫెర్గుసన్, రిచర్డ్ హార్ట్‌లీ చేసిన తరువాతి సమీక్షలో, హింస లేని దృశ్యాలకు దౌర్జన్యంతో సంబంధం కనపడలేదు. హింస ఉన్నవాటికి స్వల్పమైన సంబంధం కనపడింది. స్వభావరీత్యా దౌర్జన్యపరులైనవారే హింసాదృశ్యాలను వెదుక్కుంటున్నారేమో ఆ సర్వేలనుండి తేల్చలేమని వారు హెచ్చరించారు.

ఈ రెండు పక్షాల మధ్య నీల్ మాలమత్ అనే శాస్త్రజ్ఞుడు అనేక సంవత్సరాలు చేసిన కృషి దారి చూపుతుంది. స్త్రీలపట్ల ద్వేషభావం, తన ఆధిక్యాన్ని చాటుకోవాలనే కోరిక మున్నగు లక్షణాలు ముందే ఉన్నవారిలో, అశ్లీల దృశ్యాలను తరచు చూచేవారు ఎక్కువ ప్రమాదకరంగా కనపడినారు. ఆ లక్షణాలు లేనివారిలో ఆ తేడా అంతగా కనపడలేదు.

సారా ఉద్యమం నేర్పే పాఠం

ఒక వస్తువు ఒక్కటే కారణం కాకపోయినా ప్రమాదాన్ని పెంచవచ్చును. నెల్లూరు జిల్లావారికి ఈ సంగతి కొత్తది కాదు. 1992లో దూబగుంట గ్రామస్త్రీలు సారా దుకాణంపై తిరుగుబాటు చేశారు. తాగివచ్చిన భర్తల దెబ్బలు వారికి ప్రత్యక్షానుభవం. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తరచు తాగే భర్తలు గల స్త్రీలలో నూటికి 70 మంది శారీరక లేక లైంగిక హింసకు గురి అయినారు. తాగని భర్తలు గల స్త్రీలలో ఈ సంఖ్య 23. ఈ రెండు అంకెలను జాగ్రత్తగా చదవాలి. 70కి, 23కి గల అంతరాన్నిబట్టి తాగుడును నిర్దోషి అనలేము. ఐతే తాగని ఇళ్లలో కూడ ఆ 23 ఉన్నది. అంటే తాగుడును పూర్తిగా తీసివేసినా హింస మిగులుతుంది. భార్యను కొట్టటం తన హక్కు అనే నమ్మకం సీసాలోనుండి రాలేదు. అంతేగాక, తాగినవాడైనా కొట్టినందుకు తానే బాధ్యుడు.

అశ్లీల దృశ్యాలకు కూడ ఈ తర్కం వర్తిస్తుంది. తాగుడు విషయంలో ఉన్నంత బలమైన సాక్ష్యం ఇక్కడ లేదు. ఉన్న సాక్ష్యమైనా అన్ని దృశ్యాలకూ, అందరు మనుష్యులకూ ఒకేతీరుగా వర్తించదు. హింసను కలిపి చూపేవాటికి కొంత, ముందే వక్రించిన మనస్సుపై మరికొంత ప్రభావం ఉన్నట్లు తోస్తున్నది. అంతకుమించి చెప్పేవారు సాక్ష్యాన్ని దాటి మాట్లాడుతున్నారు.

మరచిపోరాని అంకెలు

ఈ చర్చలో మరుగున పడే విషయం ఒకటున్నది. 2021లో నమోదైన అత్యాచార కేసులలో నూటికి 96కు పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బంధువు, ఇరుగుపొరుగు, స్నేహితుడు, యజమాని. కుటుంబ ఆరోగ్య సర్వేలో లైంగిక హింసకు గురి అయిన వివాహిత స్త్రీలలో నూటికి 82 మంది ప్రస్తుత భర్తనే పేర్కొన్నారు. హింసకు గురి అయినవారిలో సహాయం కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. తెలియని దుర్మార్గుడు, అతని చేతిలో ఫోను అనే బొమ్మనే చూస్తూ ఉంటే, తెలిసిన ఇంట్లో జరిగేది కంటికి ఆనదు.

పాఠశాల చేయగల పని

పిల్లల విషయంలో శాస్త్రం తుదితీర్పు చెప్పేవరకు ఆగనవసరం లేదు. నిజమైన బిడ్డను చిత్రీకరించిన అశ్లీల దృశ్యం ఆ బిడ్డను హింసించనిదే తయారు కాదు. చూచినవాడు తరువాత నేరం చేస్తాడా లేదా అన్న ప్రశ్నకు ముందే, చిత్రీకరణలోనే నేరం జరిగిపోయింది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, చెన్నైనుండి వచ్చిన ఒక కేసులో, అటువంటి దృశ్యాలను తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవటం పోక్సో చట్టం క్రింద నేరం కాగలదని తీర్పు చెప్పింది. లైంగిక విద్య అవసరాన్ని కూడ ఆ తీర్పు నొక్కిచెప్పింది. పెద్దలు లైంగికోద్దేశంతో పిల్లలకు అశ్లీల దృశ్యాలు చూపటం కూడ ఆ చట్టం క్రింద నేరమే.

వెబ్‌సైట్లను మూసివేయటంవల్ల చిన్నపిల్లలు పొరపాటున చూడటం కొంత తగ్గవచ్చు. కాని 827 మూసిన తరువాత ఇంకొకటి తెరవటం కష్టం కాదు. శరీరాన్ని గురించి, పరస్పర అంగీకారాన్ని గురించి పెద్దలు చెప్పకపోతే, ఆ ఖాళీని నటీనటులు డబ్బుకోసం చేసిన కల్పన నింపుతుంది. అది కల్పన అని, అందులో అంగీకారం అడగటం కనపడదని, వద్దు అంటే వద్దనే అర్థమని తొమ్మిదవ తరగతి విద్యార్థికి తెలియజెప్పటానికి ప్రత్యేకమైన పరికరాలు అవసరం లేదు. జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ప్రత్యుత్పత్తి పాఠాన్ని ఇంట్లో చదువుకొమ్మని దాటవేయకుండా తరగతిలో చెప్పితే మొదటి మెట్టు ఎక్కినట్లే. గణితోపాధ్యాయుడు పైన ఇచ్చిన పదిమంది, నూరుమంది లెక్కను నల్లబల్లమీద చేయించవచ్చు.

ఒక విద్యార్థిని లేక విద్యార్థి తనకు జరిగినదానిని చెప్పుకున్నప్పుడు, అది ఇంటివారివల్ల జరిగినదైనా, ఉపాధ్యాయుడు విని ఊరకుండటానికి వీలులేదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ తెలుపకపోవటం శిక్షార్హం. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది. ఆ బిడ్డ మాటను నమ్మి వినటానికి ఏ పరిశోధన ఫలితంకోసమూ ఎదురుచూడనక్కరలేదు.